దూదిమెట్ట కింద నల్లడబ్బా

నేను ఒక స్పీకరు డబ్బాను. మనిషి నడుం ఎత్తు ఉంటాను. ఒళ్ళంతా నల్ల రెక్సిను, ముందు ఇనుప జాలీ, జాలీ వెనక పళ్ళెమంత నోరు. మీరు నన్ను చూడకపోయినా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. పక్క వీధిలో పెళ్ళయి మీ ఇంటి కిటికీ అద్దాలు వణికినప్పుడు మీరు తిట్టుకున్నది నన్నే. నాకేమీ కోపం లేదు. నేను అరవడానికే పుట్టాను. అరవకుండా ఒక పూట గడిస్తే లోపల ఏదో పురుగు తొలిచినట్టుంటుంది. ఇప్పుడు ఆ పురుగుతోనే కాపురం చేస్తున్నాను. అది ఎలా వచ్చిందో చెబుతాను.

విశాఖపట్నంలో ఒక ఇరుకు సందులో, అప్పలనర్సయ్య అనే వడ్రంగి చేతుల్లో పుట్టాను. ప్లైవుడ్డు కోసి, మేకులు కొట్టి, అయస్కాంతం బిగించి, తీగ తగిలించి, నా నోటి ముందు అరచెయ్యి పెట్టి చూశాడు. చేతికి గాలి తగిలింది. "ఊపిరొచ్చింది" అన్నాడు. పుట్టగానే ఏడ్చిన పిల్లను చూసి మంత్రసాని సంబరపడినట్టు సంబరపడ్డాడు. ఆ మరునాడే నన్ను చోడవరంలో ఒక టెంటు హౌసుకు తోలేశారు.

అక్కడున్నన్నాళ్ళూ నాకు తీరిక లేదు. పెళ్ళిళ్ళు, నిమజ్జనాలు, ఎన్నికలు. ఎన్నికలప్పుడు పొద్దున ఒక గుర్తుకు, సాయంత్రం ఇంకో గుర్తుకు ఓటెయ్యమని ఒకే ఉత్సాహంతో అరిచేదాన్ని. నాకు పక్షపాతం లేదు, కరెంటుంటే చాలు. పెళ్ళిళ్ళలో మాత్రం ఒకటి అర్థమయ్యేది కాదు. ఎన్నాళ్ళకో కలుసుకున్న చుట్టాలు నా ముందే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒకరు "అమ్మ కులాసానా?" అని అరుస్తారు. రెండోవారు "ఆఁ, తిన్నాం, తిన్నాం" అని అరుస్తారు. ఇద్దరూ నవ్వుకుంటారు. ఒకరి మాట ఒకరికి వినపడకుండా ఉండటానికే మనుషులు నన్ను కిరాయికి తెచ్చుకుంటారేమోనని చాలా కాలం అనుకున్నాను.

కొన్నేళ్ళకు నా నోటి పొర కొద్దిగా చిరిగింది. సన్నటి స్వరం వచ్చినప్పుడు జీరపోయేదాన్ని. టెంటు హౌసుకు కొత్త డబ్బాలు వచ్చాయి. నన్ను ఏజెన్సీ నుంచి వచ్చిన వంతాల దాసు అనే జీపు డ్రైవరు కొనుక్కున్నాడు. జీపు టాపు మీద తాళ్ళతో కట్టి ఘాటురోడ్డు ఎక్కించాడు. అలా నేను జీలుగుపుట్టు చేరాను.

జీలుగుపుట్టు కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. ఊరి వెనక దూదిమెట్ట. చలికాలం తెల్లవారే వేళ మెట్ట మీద నిలబడితే కింద లోయంతా మబ్బు నిండి ఉంటుంది. ఏకిన దూది పరిచినట్టు ఎటు చూసినా తెలుపు, మధ్యమధ్య కొండల నెత్తులు మాత్రం బయటికి కనిపిస్తాయి. దాన్ని ఎవరో ఫోనులో తీసి లోకానికి చూపించారు. లోకం జీపులెక్కి వచ్చేసింది. మెట్ట అంచులో గడ్డిని తొక్కుకుంటూ, పసుపుపచ్చగా పూసిన వలిసె చేలకు అడ్డం పడి జీపులు పైదాకా పోయేవి. అన్నిటికంటే ముందు దాసు జీపు, దాని నెత్తిన నేను. పైకి వెళ్ళాక కుర్రాళ్ళు దిగి, చేతులు చాపి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది బ్రో!" అని నాకంటే గట్టిగా అరిచేవారు. ఆ మాట అందరికీ వినపడాలని నా గొంతు కొంచెం తగ్గించి, అనేశాక మళ్ళీ పెంచేవారు.

అది నా స్వర్ణయుగం. దాన్ని ఆపిన మనిషి పేరు చిలకమ్మ.

చిలకమ్మ దాసుకు సొంత వదిన. అన్నదమ్ములు వేరుపడ్డారు కాబట్టి ఇళ్ళు రెండు. ఆమె పెద్దగా మాట్లాడదు. మెట్ట మీద ఒక ఊట ఉంది. ఆ ఊట నీరే గొట్టంలో దిగి ఊరి కుళాయిల్లోకి వస్తుంది. గొట్టం మూతికి ఆకులు అడ్డం పడకుండా రోజూ పొద్దున్నే వెళ్ళి తీసేది ఆమే. ఆ పని ఎవరూ ఆమెకు చెప్పలేదు, చెయ్యవద్దనీ అనలేదు. జీపుల చక్రాలు ఊటకు పైవైపు నేలను చీల్చడం మొదట చూసింది కూడా ఆమే. ఒకనాడు కుళాయిలో ఎర్రనీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు బిందెతో పట్టి తీసుకెళ్ళి, ఊరి కూటమిలో నాయుడి ముందు పెట్టింది. ఊరిపెద్దను అక్కడ నాయుడంటారు. అప్పటి నాయుడు మత్స్యలింగం. కూటమి జరుగుతున్న చోటే జీపు ఆగి ఉంది కాబట్టి ప్రతి మాటా నాకు వినపడింది.

"ఏటిది, చిలకా?"

"కాఫీ. మీ మనవలకి పట్టండి."

నవ్వులు లేచాయి. దాసుకు ఒళ్ళు మండింది.

"జనం రాకపోతే ఏటి తింటాం వదినా? మబ్బు తింటామా?"

"రావొద్దన్నానేటి? నడిసి రమ్మన్నాను. మబ్బు సూడ్డానికి ఘాటీ ఎక్కి వొచ్చినోలికి ఈ కాస్త మెట్టెక్కడానికి కాళ్ళు నేవా? కూతలూ బళ్ళూ కిందొగ్గీసి, సల్లగా ఎక్కి, సల్లగా సూసి దిగమను."

"పట్నమోళ్ళు నడుస్తారా? నీ మాట ఇంటారా? ఎవరు సెప్తారు ఆళ్ళకి?"

"మనమే సెబుదుం. ఇంటికొకరం."

ఇంటికొకరు అంటే ఆ కొండల్లో చిన్నమాట కాదు. ఎవరి ఇల్లు కట్టినా, ఎవరి చేను కోసినా ఇంటికొకరు చొప్పున వస్తారు. కూలి ఉండదు, పిలుపులు ఉండవు. వంతు వస్తే రావాలి, అంతే. నాయుడు చాలాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. పుష్యం పండగ దాకా మెట్ట మీదికి నడకే. రోజుకొక ఇల్లు కాపలాకు రావాలి. ఏ ఇంటి వంతు తప్పినా ఆ రోజుతో సరి, బాట జీపులకు ఇచ్చెయ్యాలి. పైగా గ్రావెలు పోసి రోడ్డు వెయ్యడానికి ఒక కంట్రాక్టరు అప్పటికే తిరుగుతున్నాడు.

మెట్ట కింద గడ్డిపాక వేశారు. జీపులన్నీ అక్కడ ఆగాలి. మొదటిరోజు దాసు నా తాళ్ళు విప్పి, నన్నూ నా ఆంప్లిఫయరునూ పాకలోకి విసిరినంత పని చేశాడు.

"పైకి పోనప్పుడు నాకెందుకీ డబ్బా? నువ్వే కాపురం సెయ్యి దీంతో!"

"బరువుగుంది, జాగర్తగా దింపు మరిదీ. నడుం పట్టీగలదు" అంది చిలకమ్మ. ఆమె కొంటెతనమంతా ఆ కాసిన్ని మాటల్లోనే ఉంటుంది.

ఆ చలిలో, ఆ పాకలో, నోరు మూసుకుని ఎన్ని రోజులు ఉన్నానో నాకే తెలుసు. జనం వచ్చేవారు. వంతు వచ్చిన మనిషి దుప్పటి కప్పుకుని ఎదురెళ్ళి, చెప్పిందే చెప్పి, కొట్లాడి, బతిమాలి పంపేవాడు. "సార్, పాటలు వద్దు సార్." "ఏం, మీ కొండా?" "ఆఁ, మాదే సార్." మళ్ళీ ఇంకో జీపు. మళ్ళీ అదే మాట. పక్షం తిరక్కుండానే వంతు చేసినవాళ్ళందరి గొంతులూ బొంగురుపోయాయి. రోజూ వాళ్ళకు తోడు నిలబడ్డ చిలకమ్మ గొంతయితే పూర్తిగా పోయింది.

అప్పుడు బొంజుబాబుకు ఒక ఆలోచన తట్టింది. బొంజుబాబు ఇంటరు చదివి ఊళ్ళో ఫోన్లు బాగుచేసుకునే యువకుడు. చిలకమ్మను చిన్నమ్మా అంటాడు. "ఎంతమందికని సెప్తాం సిన్నమ్మా? ఈ డబ్బా ఉత్తినే పడుంది గదా. ఒక్కసారి సెప్పి రికార్డు సేత్తే, ఇదే వాగుతాది."

అందరికీ అది గొప్పగా తోచింది. దానికో కారణం ఉంది. జీలుగుపుట్టులో ఏ కబురైనా బారికి, అంటే ఊరి చాటింపుదారు, కేకవేసి చెబుతాడు. సాయంత్రం వీధిలో నడుస్తూ "రేపు ఎవరూ అడవికెల్లొద్దహో" అని బారికి సోమన్న ఒక్క కేక వేస్తే, మర్నాడు కాకి కూడా అడవికి పోదు. కేక అంటే కట్టుబాటు. కేకకు ఎదురులేదు. గట్టిగా కేక పడితే పట్నంవాళ్ళు కూడా అలాగే వింటారని ఆ అమాయకులు అనుకున్నారు. పట్నంవాళ్ళు పాలప్యాకెట్టు నుంచి పార్టీ జెండా దాకా రోజంతా కేకల్లోనే బతుకుతారనీ, కేక వినిపిస్తే చెవి మూసుకోవడం వాళ్ళు ఉగ్గుపాలతో నేర్చుకున్నారనీ వాళ్ళకేం తెలుసు? నాకు తెలుసు. చెప్పలేదు. నాకు కరెంటు కావాలి.

చిలకమ్మ గొంతు తిరిగొచ్చాక రికార్డు చేశారు. ఊరి చివరి స్తంభం నుంచి తీగ లాగి, పాక ముందు గుంజ మీదికి నన్నెక్కించారు. ఇక చూడండి నా వైభవం! "అమ్మలారా, అయ్యలారా! దూదిమెట్ట మీద గట్టిగా మాటాడకండి. పాటలు పెట్టకండి. పచ్చులు బెదురుతాయి. మనసు నిమ్మళంగా ఉంచుకోండి!" చీకటుండగా మొదలుపెడితే మధ్యాహ్నం దాకా అదే పని. చిరిగిన పొరతో "నిమ్మళంగా" అన్నచోట జీరపోయి, ఎవరినో కరవబోతున్న కుక్కలా వినిపించేదాన్ని.

జనం నా కింద నుంచే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేవారు. ఒక్కరూ తలెత్తలేదు. పాకలో కాపలా మనుషులు మంట వేసుకుని చేతులు కాచుకుంటూ కూర్చున్నారు. డబ్బా చెబుతోంది కదా, మనమెందుకు లేవడం? తరవాత కొందరు ఆలస్యంగా రాసాగారు. కొందరు మొహం చూపించి పొలానికి పోసాగారు. ఒకరోజు నాయుడు వచ్చి చూసేసరికి మంట ఉంది, మనిషి లేడు. పక్క చేలో గొర్రు తోలుకుంటున్న ఆ రోజు వంతుదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏరా, ఈయేల వంతు నీదా, డబ్బాదా?"

"నాదే బాబూ. డబ్బా నాకు సాయం."

"డబ్బా దాసుగాడిది గదా. అయితే దాసు ఇంటి వంతు రోజూ అయిపోతన్నట్టే" అన్నాడు నాయుడు. నవ్వుతూనే అన్నాడు గాని, వెళ్తూ వెళ్తూ, అప్పుడే వచ్చిన చిలకమ్మతో, "ఇలాగైతే పండగ దాకా ఆగక్కర్నేదు, చిలకా" అన్నాడు.

ఆ మరునాడు కుళాయి నీళ్ళు సన్నగిల్లాయి. గొట్టం మూతికి ఆకులు పట్టి ఉంటాయని చిలకమ్మ మెట్టెక్కింది. నన్ను పెట్టిన దగ్గర్నుంచి పాక పనుల్లో పడి ఆమె పైకి వెళ్ళనేలేదు. మామూలుగా ఎండ ముదిరేదాకా దిగదు. ఆ రోజు వెళ్ళినంత వేగంగా దిగి వచ్చింది. పైట నడుముకు బిగించి ఉంది, చేతులకు బురద.

"బొంజూ, దీన్నాపు."

"ఏటైంది సిన్నమ్మా?"

"పైన ఒక విశాఖపట్నం ముసలమ్మ కర్ర పొడుసుకుంటూ ఎక్కొచ్చింది పాపం. ఊట కాడ నన్ను సూసి, 'ఇంత దూరం ప్రశాంతత కోసమొచ్చామమ్మా, కింద అరుస్తున్న ఆ మనిషెవరు, బుద్ధి లేదా' అనడిగింది."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? నాకూ తెలీదండీ అన్నాను."

బొంజుబాబు పగలబడి నవ్వాడు. చిలకమ్మ నవ్వలేదు. కాసేపటికి ఆమెకూ నవ్వాగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది. నా నోట్లోంచి ఆమె గొంతు ఆమె మొహం మీదే అరుస్తోంది. తన గొంతు అలా ఎదురుగా విన్న మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. ఎవరో తన చీర కట్టుకుని సంతలో తిరుగుతుంటే చూసినట్టుంది.

"బారికి కేకేత్తే మనమెందుకు ఇంటామురా? ఇనకపోతే రేపు ఆడే వొచ్చి మన గుమ్మంలో నిలబడతాడు. ఆడి మొకం మనకి తెలుసు, మన మొకం ఆడికి తెలుసు. ఈ డబ్బా ఎవరి గుమ్మంలో నిలబడతాది?"

అని, తీగ పట్టుకుని లాగేసింది. "మనసు నిమ్..." దగ్గర నా మాట తెగిపోయింది. ఇప్పటికీ ఆ మిగతా ముక్క నా గొంతులోనే ఉంది.

మర్నాటి నుంచి చిలకమ్మ పద్ధతి మార్చింది. జీపు ఆగగానే వంతు మనిషి ఎదురెళ్ళి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగాలి. పొయ్యి మీది వేడినీళ్ళు ఇవ్వాలి. ఆ తరవాత ముందు నడవాలి. అంతే. మెట్ట మీదికి తేనెకు వెళ్ళే మనుషులు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ముందున్నవాడు వెనక్కి తిరగడు, మాట్లాడడు. అక్కడ కొండదేవత జాకరమ్మ తల్లి పడుకుని ఉంటుందని వాళ్ళ నమ్మకం. పట్నంవాళ్ళకు జాకరమ్మ ఎవరో తెలియదు. అయినా ముందు నడిచే మనిషి మాట్లాడకపోతే వెనక నడిచేవాళ్ళకు మాట్లాడబుద్ధి కాదు. అది నేను ఎన్నడూ ఎరగని కిటుకు.

అందరూ వినలేదు. "ఇదేమన్నా గుడా బ్రో?" అని గొణిగినవాళ్ళున్నారు. దిగేటప్పుడు మాత్రం ఆ గొణిగినవాళ్ళే పాక దగ్గర గుసగుసగా మాట్లాడుకునేవారు, ఎందుకలా మాట్లాడుతున్నారో వాళ్ళకే తెలియకుండా. నన్ను గుంజ మీంచి దించి పాకలో పడేశారు. వచ్చినవాళ్ళు నా మీద కూర్చుని బూట్లు కట్టుకునేవారు. పీటగా నా కొత్త ఉద్యోగం అలా మొదలైంది. నా వల్ల కాని పని ముందు నడిచే మనిషి వీపు చేస్తోందని లోపల ఉడికిపోయేదాన్ని.

ఇళ్ళన్నీ వంతులు ఇచ్చాయి. పుష్యం పండగ దగ్గరపడింది. మిగిలింది ఒకే ఒక ఇల్లు, దాసుది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. కాబట్టి రావలసింది అతనే. దాసు సంతలో జీలుగుకల్లు తాగి అందరి ముందూ చెప్పేశాడు. "నాను రాను. నా ఇంటి వంతు తప్పితే బాట నాది. కట్టుబాటు నాయుడే పెట్టినాడు గదా!"

బొంజుబాబు చిలకమ్మ దగ్గరికొచ్చి తల పట్టుకున్నాడు.

"నానెల్లి ఆడి కాళ్ళట్టుకుంటాను సిన్నమ్మా."

"వొద్దు. కాళ్ళట్టుకుని తెచ్చింది వంతవదు."

"పోనీ నలుగురం ఎల్లి ఎత్తుకొచ్చీమా?"

"అది ఎట్టిసాకిరీ అవుతాది. మన తాతలు తెల్లదొరల రోడ్లకి ఎట్టి సేసింది సాలదా?"

ఆ పొద్దున్న నాయుడు ముందుగానే వచ్చి నా మీద కూర్చున్నాడు. ఎండ పాక గుమ్మం దాటేలోగా దాసు రావాలి. లేకపోతే నాయుడు కూటమిలో చెప్పిన తీర్పు ప్రకారం బాట జీపులకు ఇచ్చెయ్యాలి. మంట దగ్గర రాజమండ్రి నుంచి వచ్చిన ఒక కుటుంబం, విజయనగరం టీచర్లు కొందరు చలికి నోటంట పొగలు కక్కుతూ నిలబడ్డారు. చిలకమ్మ కూర్చోలేదు. కుళాయి బిందె ఇటు జరిపింది, అటు జరిపింది. పుల్లలు ఎగదోసింది. బాట వైపు మాత్రం చూడలేదు.

"మబ్బు కరిగిపోతుందేమోనండీ" అంది టీచరమ్మ.

"మీరు తీసుకెళ్ళొచ్చు గదమ్మా" అన్నాడు రాజమండ్రి ఆయన.

"ఈయేల వంతు మా మరిదిదండి" అంది చిలకమ్మ.

ఎదురు కొండ మీద ఎండ పడింది. వలిసె చేల మీదికి దిగింది. పాక ముందు రాళ్ళ మీదికి వచ్చింది. నాయుడు నా మీద అటూ ఇటూ కదిలాడు. నా చెక్కలు కిర్రుమన్నాయి. ఆ పూట నాకు జీపు చప్పుడు వినాలనిపించింది. ఏ చప్పుడైనా సరే. కరెంటు ఉంటే నేనే "దాసో!" అని లోయంతా మోగేలా అరిచేదాన్ని.

జీపు చప్పుడు రాలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, అడ్డదారిలో గడ్డి పట్టుకుని ఎక్కుతూ దాసు వచ్చాడు, రొప్పుతూ.

"ఏటలా సూత్తారు? బండి స్టార్టవనేదు."

ఆ బండి మీద రెండు చలికాలాలు తిరిగాను. ఎంత మంచులోనైనా ఒక్క తిప్పుకు లేచే బండి అది. నేను నోరు విప్పలేదు. విప్పడానికి తీగ కూడా లేదు.

"రానన్నావంట?" అన్నాడు నాయుడు.

"అన్నాను. మాఘంలో నా ఇల్లెత్తాల. ఇంటికొకరు రాకపోతే దూలం నానొక్కడినే ఎత్తుతానా? నా పెళ్ళాం పసిగుడ్డునెట్టుకుని ఎక్కడుంటాది?"

"అయితే అవసరానికొచ్చినావన్నమాట."

"మరి మీరంతా దేనికొచ్చినారు బాబూ, మోజుకొచ్చినారా?"

చిలకమ్మ చెంబుతో వేడినీళ్ళు తెచ్చి మరిది చేతిలో పెట్టింది. అతను ఆమె మొహం చూడకుండా తాగేసి, చెంబు కింద పెట్టి, జనం వైపు తిరిగాడు. ఏ ఊరని అడగడం మర్చిపోయాడు. జీపు ఎక్కమని కేకవేసే అలవాటు కదా, కేకకు నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే కాసేపు ఉండి, మూసుకుంది. చేత్తో రమ్మన్నట్టు చూపించి, ముందు నడిచాడు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు సాగిపోయారు. చివరి మనిషి గడ్డిలో కలిసిపోయాక బాట ఖాళీ అయింది.

నాకు చెవులు లేవు, ఉన్నదల్లా ఒక పొర. దూరంగా ఎవరు గట్టిగా అరిచినా ఆ గాలికి అది కొద్దిగా అదురుతుంది. ఆ పొరంతా బిగబట్టుకుని కూర్చున్నాను. దాసు ఎప్పుడు అరుస్తాడా, ఎప్పుడు ఎవరినో తిడతాడా అని. మనిషి ఒక్కరోజులో మారడని నాకు తెలుసు. ఇన్ని ఊళ్ళు తిరిగినదాన్ని నేను. నాయుడు కూడా తల పక్కకు వంచి వింటున్నాడు.

"ఏటైనా ఇనబడతందా?"

"నేదు" అంది చిలకమ్మ.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చి నా జాలీ మీద పడింది. పైనుంచి ఏ చప్పుడూ రాలేదు. చిలకమ్మ అప్పటికి గానీ, మంట పక్కన, నేల మీద కూర్చోలేదు.